రోజూ నడపడానికి పాత బీటిల్: కొనేటప్పుడు ఏం చూడాలి, కొన్నాక ఏం మార్చాలి

రేడియేటరూ నీళ్లూ లేకుండా గాలితోనే చల్లబడే ఇంజన్ ఉన్న పాత కార్లలో, మధ్యతరగతి ఉద్యోగి కొనగలిగినదీ, విడిభాగాలు ఇప్పటికీ సులువుగా దొరికేదీ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. 2003 జూలైలో మెక్సికోలో చివరి బండి తయారయ్యేనాటికి ప్రపంచమంతటా 2 కోట్ల 15 లక్షలకు పైగా బీటిల్స్ రోడ్డెక్కాయి. అమెరికాలో సెడాన్‌ను 1977 వరకూ, టాపు మడిచే కన్వర్టిబుల్‌ను 1979 వరకూ అమ్మారు. అందుకే కాలిఫోర్నియాలోనో, టెక్సస్‌లోనో ఉంటూ రోజూ ఆఫీసుకు వెళ్లిరావడానికి ఒక పాత కారు ఉంటే బాగుండునని కోరుకునే తెలుగువారికి అక్కడ ఇది అందుబాటులో ఉన్న ఎంపిక. ఊళ్లో నాన్నగారి బుల్లెట్‌నో, బజాజ్ స్కూటర్‌నో విప్పి బిగించిన అలవాటు ఉన్నవారికి ఈ ఇంజన్ తీరు త్వరగానే అర్థమవుతుంది.

ఇలాంటి కారు కొన్నవారిలో చాలామంది మొదటి ఖర్చు ఇంజన్ శక్తి పెంచడానికి పెడతారు. ఆదివారం సరదాగా తిప్పే బండికి అది చెల్లుతుందేమో గాని, సోమవారం పొద్దున ఫ్రీవే మీద నమ్మకంగా నడవాల్సిన బండికి ఆ క్రమం పూర్తిగా తప్పు. ఇంజన్‌ను చూసి కాకుండా బాడీని చూసి కొనాలి. కొన్నాక ముందు గాలి దారి సరిచేయాలి, తర్వాత పెట్రోలు గొట్టాలు, వైర్లు, బ్రేకులు చూసుకోవాలి. శక్తి సంగతి ఆఖరున, అదీ అవసరమనిపిస్తేనే.

ఏ సంవత్సరం బండి

బయటికి అన్నీ ఒకేలా కనిపించినా, బీటిల్ ఏటేటా మారుతూ వచ్చింది. అమెరికాకు వచ్చిన బండ్లలో 1966 మోడల్ వరకూ 6 వోల్టుల కరెంటే ఉండేది. దానితో హెడ్‌లైట్లు మసకగా వెలుగుతాయి, చలికాలంలో సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతుంది. 1967లో 12 వోల్టుల కరెంటు, 1500 సీసీ ఇంజన్, వీటన్నిటికంటే ముఖ్యంగా రెండు భాగాలుగా విడదీసిన బ్రేకు ఏర్పాటు వచ్చాయి. అంతకు ముందు ఒక్క బ్రేకు గొట్టం పగిలినా పెడల్ పూర్తిగా నేలను తాకేది. ఈ ఏర్పాటుతో ఒక భాగం పోయినా రెండో భాగం బండిని ఆపుతుంది. 1968లో, ప్రమాదంలో డ్రైవరు ఛాతీకి గుచ్చుకోకుండా నలిగిపోయే స్టీరింగ్ కాలమ్ పెట్టారు.

1969 మార్పు అన్నిటికంటే విలువైనది. అంతకు ముందున్న వెనక ఇరుసుకు గేర్‌బాక్స్ దగ్గర మాత్రమే కీలు ఉండేది. మలుపులో వేగంగా వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే, బయటి వైపు వెనక చక్రం కిందికి ముడుచుకుని బండి వెనక భాగం పట్టు తప్పే ప్రమాదం ఉండేది. 1969 నుంచి మామూలు గేర్ల సెడాన్‌కు కూడా ఇరుసుకు రెండు చివర్లా కీళ్లు పెట్టి ఆ దోషాన్ని తీసేశారు. 1971లో రెండు పోర్టుల (పెట్రోలు కలిసిన గాలి లోపలికి వెళ్లే దారులు ఒక్కో హెడ్డుకు రెండేసి ఉన్న) 1600 ఇంజన్ వచ్చింది, ఆయిల్ కూలర్ స్థానం మారింది. అదే ఏడాది ముందు సస్పెన్షన్ మార్చి, ముందున్న డిక్కీ (ఈ కారులో ఇంజన్ వెనక ఉంటుంది) పెద్దది చేసిన సూపర్ బీటిల్ కూడా వచ్చింది. 1975లో కార్బురేటర్ స్థానంలో ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. అది బాగానే పనిచేస్తుంది కాని, దాని భాగాలు వెతుక్కోవడం కష్టం.

రోజూ నడపడానికి నేను సిఫారసు చేసేది 1971 నుంచి 1974 వరకు వచ్చిన సాదా బీటిల్. అది దొరకకపోతే 1969, 1970 బండ్లు. సూపర్ బీటిల్ చెడ్డదేమీ కాదు గాని, ముందు స్ట్రట్లు (కుదుపులను మోసే నిలువు గొట్టాలు) బిగించే చోట రేకు తుప్పు పడితే బాగుచేయడం ఖరీదైన పని. కాలిఫోర్నియాలో ఉన్నవారికి ఇంకొక లెక్క కూడా ఉంది. అక్కడ 1975, అంతకు ముందు మోడల్ పెట్రోలు బండ్లకు పొగ పరీక్ష అక్కర్లేదు, 1976 నుంచి వచ్చినవాటికి తప్పనిసరి. ఇన్సూరెన్స్ విషయంలోనూ ఒక మాట. పాత కార్ల కోసం చౌకగా ఇచ్చే ప్రత్యేక పాలసీలు చాలావరకు రోజూ ఆఫీసుకు వెళ్లే వాడకాన్ని ఒప్పుకోవు. చారిత్రక వాహనాల నంబరు పలకలకు కూడా చాలా రాష్ట్రాల్లో ఇలాంటి షరతులే ఉంటాయి. అందుకని మామూలు పాలసీ, మామూలు రిజిస్ట్రేషన్ తీసుకోవాలి.

అమ్మేవారు చెప్పిన సంవత్సరం నిజమో కాదో ఛాసిస్ నంబరే చెప్తుంది. వెనక సీటు ఎత్తితే మధ్య గొట్టం మీద ఆ నంబరు కొట్టి ఉంటుంది. 1965 నుంచి వచ్చిన బండ్లలో మూడో అంకె మోడల్ సంవత్సరం చివరి అంకె. 118తో మొదలైతే అది 1968 సెడాన్. ఆ నంబరు, కాగితాల మీద నంబరు కలవకపోతే బేరం అక్కడే ఆపేయాలి.

తుప్పు ఎక్కడ దాక్కుంటుంది

ఈ కారులో ఇంజన్ దించడం ఒక పూట పని. కింద జాకీ, నాలుగు బోల్టులు, ఒక తోడు మనిషి ఉంటే చాలు. కాని కుళ్లిపోయిన బాడీని సరిచేయడానికి నెలలు పడుతుంది, ఖర్చు బండి ధరను దాటుతుంది. అందువల్ల చూడటానికి వెళ్లినప్పుడు పాత బట్టలు వేసుకుని, టార్చిలైటు, చిన్న అయస్కాంతం తీసుకెళ్లాలి. పెయింటు మెరుపు పట్టించుకోకుండా కింద పడుకుని చూడాలి.

అన్నిటికంటే ముందు చూడాల్సినవి తలుపుల కింద రెండు వైపులా పొడవునా సాగే పెట్టెల్లాంటి రేకు గొట్టాలు. ఇంజన్ దగ్గరి వేడిగాలిని క్యాబిన్‌లోకి తెచ్చేది వాటిగుండానే. బాడీకి బలం ఇచ్చేవీ అవే. అవి లోపలి నుంచి తుప్పు పడతాయి కాబట్టి, పైన పెయింటు నిగనిగలాడుతున్నా లోపల రేకు పలచబడి ఉండవచ్చు. తెలుసుకునే మార్గం సులువు. తలుపు మూసి దాని చుట్టూ సందు ఎంత ఉందో గమనించాలి. తర్వాత జాకీ పెట్టి బండిని ఆ వైపు ఎత్తి మళ్లీ చూడాలి. సందు మారినా, తలుపు తెరవడం బిగుసుకున్నా, లేదా జాకీ పెట్టే చోటే రేకు లోపలికి దిగినా, ఆ బండిలో బలం మిగల్లేదని అర్థం.

తర్వాత మ్యాట్లు ఎత్తి నేల రేకు చూడాలి. బ్యాటరీ వెనక సీటు కింద కుడి పక్కన ఉంటుంది కాబట్టి, యాసిడ్ కారి అక్కడి రేకే మొదట పోతుంది. ఆ ఒక్క చోట శుభ్రంగా కొత్త రేకు వేసి వెల్డింగ్ చేసి ఉంటే తప్పు లేదు. తుప్పు మీదే అతుకు వేసి పైన తారు పూసినది మాత్రం వద్దు. ముందు స్టెప్నీ పెట్టే గుంట, ముందు ఇరుసు బిగించే భాగం, వెనక బంపరు పట్టీలు కూడా అయస్కాంతంతో చూడాలి. అయస్కాంతం అంటుకోని చోట రేకు బదులు పుట్టీ ఉన్నట్టే. శీతాకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల బండి కంటే, కాలిఫోర్నియా, అరిజోనా, న్యూమెక్సికోల్లోని పొడి ప్రాంతాల బండికి రెట్టింపు ధర పెట్టినా నష్టం ఉండదని నా నమ్మకం. ఎండకు సీట్లు, రబ్బర్లు చీలిపోయి ఉంటాయి, నిజమే. వాటిని మార్చడం మాత్రం చేతిలో పని.

ఇంజన్ పరీక్ష

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లాలి. ముందే వేడిచేసి పెట్టిన ఇంజన్ తన లోపాలు చెప్పదు. స్టార్ట్ చేయకముందే వెనక మూత తెరిచి, కింద ఉన్న పెద్ద పుల్లీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ముందుకు నెట్టి, వెనక్కి లాగాలి. ఆ పుల్లీ బిగించి ఉన్న క్రాంక్‌షాఫ్ట్‌కు (ఇంజన్ లోపల తిరిగే ప్రధాన ఇరుసు) ముందూ వెనకా ఉండాల్సిన కదలిక 0.07 నుంచి 0.13 మిల్లీమీటర్లు మాత్రమే, అరుగుదలకు హద్దు 0.15. అంత చిన్న కదలిక చేతికి దాదాపుగా తెలియదు. కదిలినట్టు స్పష్టంగా తెలిసినా, టక్కుమని చప్పుడు వినిపించినా, లోపల మెయిన్ బేరింగ్ కూర్చునే చోటు అరిగిపోయిందని అర్థం. ఇంజన్ మొత్తం విప్పి, దాని బయటి కేసును బోరింగ్ చేయించాలి, లేదా కొత్త కేసు కొనాలి. ఆ ఖర్చును ధరలో తగ్గించమని నిస్సంకోచంగా అడగవచ్చు. బాడీ మంచిదైతే, ఇలాంటి ఇంజన్ ఉన్న బండే తెలివైన బేరం అవుతుంది.

నడిపి చూసేటప్పుడు రెండో గేరులోనూ, నాలుగో గేరులోనూ వేగం పుంజుకుని కాలు తీయాలి. గేరు దానంతట అది జారిపోతే గేర్‌బాక్స్ అరిగినట్టు. కింద రెండు మూడు ఆయిల్ చుక్కలు పడటం ఈ బండ్లకు మామూలే, ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య నుంచి ధారగా కారడం మామూలు కాదు.

గాలి దారి

ఈ ఇంజన్ బతికేది గాలి మీదే. వెనక అద్దం కింద ఉన్న చీలికల గుండా వచ్చే చల్లగాలిని ఫ్యాను లాక్కుని, రేకు తొడుగుల గుండా నాలుగు సిలిండర్ల మీదికి నెట్టి, వేడెక్కిన గాలిని కిందికి వదిలేస్తుంది. పై భాగంలోని చల్లగాలీ, కింద సైలెన్సర్ దగ్గరి వేడిగాలీ కలవకుండా ఇంజన్ చుట్టూ రేకులు, వాటి అంచున ఒక రబ్బరు పట్టీ ఉంటాయి. యాభై ఏళ్ల బండిలో ఆ రబ్బరు ఎండి ఊడిపోయి ఉంటుంది, రేకుల్లో ఒకటి రెండు ఎప్పుడో ఇంజన్ దించినవారు తిరిగి బిగించకుండా పారేసి ఉంటారు. అప్పుడు ఇంజన్ తాను వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఇంజన్లు పోవడానికి దీనికి మించిన కారణం నాకు కనపడలేదు, సరిచేయడానికి అయ్యే ఖర్చు మాత్రం చాలా తక్కువ. రబ్బరు పట్టీ, స్పార్క్ ప్లగ్ వైర్ల దగ్గరి రబ్బరు బిళ్లలు, సిలిండర్ల అడుగున ఉండే చిన్న రేకులు అన్నీ ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా చూసి, లేనివి కొని బిగించాలి.

థర్మోస్టాట్‌ను చాలామంది అనవసరమని తీసేస్తారు. అది 65 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర పనిచేస్తూ, ఇంజన్ వేడెక్కేవరకూ గాలి రెక్కలను మూసి ఉంచుతుంది. లేకపోతే ఇంజన్ వేడెక్కడానికి ఎక్కువ సేపు పట్టి, చల్లగా నడిచిన ప్రతి మైలూ అరుగుదలను పెంచుతుంది. రెక్కలతో సహా తీసేస్తే గాలి పంపకమే మారిపోతుంది. రెండూ వెనక్కి పెట్టించాలి.

1970 వరకూ వచ్చిన ఇంజన్లలో ఆయిల్ కూలర్ ఫ్యాను తొడుగు లోపలే, ఎడమ వైపు సిలిండర్లకు వెళ్లే గాలికి అడ్డంగా ఉండేది. అందుకే మూడో సిలిండర్ మిగతావాటికంటే ఎక్కువ వేడెక్కి, దాని ఎగ్జాస్ట్ వాల్వ్ ముందుగా పోయేది. 1971లో కూలర్‌ను పక్కకు జరిపి, దానికి వేరే తొడుగు పెట్టారు. పాత ఇంజన్ ఉన్న బండి కొంటే, ఈ కొత్త తొడుగు, కూలర్, కాస్త వెడల్పైన ఫ్యాను, వాటికి సరిపడే రేకులు మొత్తం సెట్టుగా మార్చడం రోజువారీ వాడకానికి చేయగలిగిన అత్యుత్తమ మార్పు.

పెట్రోలు, వైర్లు, బ్రేకులు

బీటిల్స్ కాలిపోవడం గురించి విన్నవారు భయపడటంలో తప్పు లేదు. అమెరికాలో ఇప్పుడు దొరికే పెట్రోలులో సాధారణంగా 10 శాతం ఇథనాల్ ఉంటుంది. అది పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. కొన్న రోజే ట్యాంకు నుంచి కార్బురేటర్ వరకు అన్ని గొట్టాలనూ ఇథనాల్‌ను తట్టుకునే కొత్తవాటితో మార్చి, క్లిప్పులు బిగించాలి. ఇంజన్ గదిలో వేలాడే ప్లాస్టిక్ ఫిల్టరు తీసేసి, కింద గేర్‌బాక్స్ దగ్గర పెట్టాలి. ఫిల్టరు బరువుకు గొట్టం ఊడితే పెట్రోలు నేరుగా, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీద పడుతుంది. కార్బురేటర్‌లోకి పెట్రోలు వెళ్లే చిన్న ఇత్తడి గొట్టాన్ని వేళ్లతో పట్టుకుని తిప్పి చూడాలి. కదిలితే అది ఏదో ఒక రోజు ఊడివస్తుంది, సరిచేయకుండా నడపకూడదు. అలాగే వెనక సీటు స్ప్రింగులు బ్యాటరీ టెర్మినల్‌ను తాకితే సీటు అంటుకుంటుంది. బ్యాటరీ మీద గట్టి మూత తప్పనిసరి. మంటలార్పే చిన్న సిలిండరు డ్రైవరు చేతికందే చోట ఉండాలి.

క్యాబిన్‌కు వెళ్లే గాలిని ఇంజన్ దగ్గర వేడిచేసే పెట్టెలు ఎగ్జాస్ట్ గొట్టాల చుట్టూనే ఉంటాయి. వాటిలో చిల్లు పడితే కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి వస్తుంది. చలి ప్రాంతాల్లో హీటరు వాడేవారు ఆ పెట్టెలను తప్పక పరీక్ష చేయించి, కారులో ఒక డిటెక్టర్ పెట్టుకోవడం మంచిది.

హెడ్‌లైట్ల కరెంటు మొత్తం పాత స్విచ్చి గుండా వెళ్తుంది కాబట్టి, రెండు రిలేలు (చిన్న కరెంటుతో పనిచేసే స్విచ్చులు) పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా తీసుకుంటే అవే బల్బులు ఎంతో కాంతివంతంగా వెలుగుతాయి. గేర్‌బాక్స్‌ను బాడీకి కలిపే ఎర్త్ పట్టీ కొత్తది వేస్తే, సెల్ఫ్ తిరగని బాధల్లో కొన్ని అక్కడితోనే తీరిపోతాయి.

అమెరికాకు వచ్చిన బీటిల్ సెడాన్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. అవి అరిగేకొద్దీ వాటంతట అవి సర్దుకోవు, చేత్తో సర్దాలి. సరిగ్గా సర్దిన డ్రమ్ములు ఈ తేలికపాటి బండికి సరిపోతాయి. కొండ దారుల్లో రోజూ దిగేవారు ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు పెట్టించుకుంటే మేలు. రబ్బరు బ్రేకు గొట్టాలు, సిలిండర్లు మాత్రం ఎవరైనా మార్చాల్సిందే. టైర్లు 165 వెడల్పు, 15 అంగుళాల రేడియల్స్ తీసుకోవాలి. వెనక బరువు ఎక్కువ కాబట్టి గాలి కూడా వెనకే ఎక్కువ ఉండాలి. ముందు అద్దం మీద నీళ్లు చిమ్మే ఏర్పాటుకు ఒత్తిడి వచ్చేది స్టెప్నీలోని గాలి నుంచే. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటగానే అనిపించే ఏర్పాటు ఇది, స్టెప్నీలో గాలి ఎంతుందో తరచుగా చూసుకోవాల్సిన కారణం కూడా ఇదే. ముందు సీట్లకు భుజం మీదుగా వచ్చే మూడు బిందువుల బెల్టులు లేకపోతే, రోజూ నడపడం మొదలుపెట్టకముందే పెట్టించాలి.

శక్తి పెంచాలా

రెండు పోర్టుల 1600 ఇంజన్ ఆ రోజుల లెక్కలో 60 హార్స్‌పవర్ ఇచ్చేది, గంటకు సుమారు 80 మైళ్ల వేగం అందుకునేది. 65 మైళ్ల ఫ్రీవేలో కుడి లేన్లకు అది చాలు. దానికి పెట్టదగిన మొదటి మార్పు, స్పార్క్ కోసం కరెంటును తెంచి కలిపే పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. డిస్ట్రిబ్యూటర్ మాత్రం వాక్యూమ్ (ఇంజన్ గాలి పీల్చే తీరును బట్టి కూడా స్పార్క్ సమయం మార్చే ఏర్పాటు) ఉన్నదే ఉంచుకోవాలి. విరివిగా అమ్ముడయ్యే, వేగాన్ని బట్టి మాత్రమే పనిచేసే రకం పెట్టుకుంటే, యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజన్ ఒక క్షణం తడబడుతుంది. పూర్తి వేగంలో టైమింగ్, అంటే పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ వస్తుందన్నది, 30 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి, 32 దాటకూడదు. దాటితే వేడి పెరుగుతుంది.

ఫ్యాక్టరీ ఇంజన్‌లో ఆయిల్ ఫిల్టరు లేదు, ఒక జాలి మాత్రమే ఉంది. ఇంజన్ ఎలాగూ విప్పినప్పుడు కేసుకు రంధ్రం చేయించి, ఆయిల్ అంతా వడకట్టే ఫిల్టరు పెట్టించుకోవాలి. సిలిండర్లు మార్చే సందర్భం వస్తే, 85.5 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న అసలు సైజుతో సరిపెట్టుకోవచ్చు, లేదా కేసునూ హెడ్లనూ మెషినింగ్ చేయించి 90.5కు వెళ్లవచ్చు. అప్పుడు ఇంజన్ 1776 సీసీ అవుతుంది. మెషినింగ్ లేకుండా నేరుగా దూరే 87 మిల్లీమీటర్ల సిలిండర్ల గోడలు పలచన, వేడికి వంకర పోతాయి. చౌక అని వాటి జోలికి పోకూడదు. ఎయిర్ కండిషనర్ కిట్లు దొరుకుతాయి గాని, ఉన్న కొద్దిపాటి శక్తిలోంచే వాటికి ఇవ్వాలి. హ్యూస్టన్ ఆగస్టు ఎండలో చల్లగా ఆఫీసు చేరాలనుకునేవారికి ఈ కారు తగదని నిజాయితీగా చెప్పడమే మంచిది.

నడిపే పద్ధతి, చేసే సేవ

ఫ్యాను వేగం ఇంజన్ వేగంతో ముడిపడి ఉంటుంది. లాస్ ఏంజలెస్ నుంచి బేకర్స్‌ఫీల్డ్ వెళ్లే దారిలో 4 వేల అడుగులకు పైన ఉన్న టెహోన్ కనుమ లాంటి పెద్ద ఎగువలు ఎక్కేటప్పుడు, నాలుగో గేరులోనే మూలుగుతూ లాగిస్తే, ఇంజన్ మీద భారం పెరుగుతుంది, గాలి తగ్గుతుంది. మూడో గేరుకు దిగి, కుడి లేనులో నెమ్మదిగా ఎక్కాలి. చప్పుడు ఎక్కువైనా ఇంజన్‌కు అదే సుఖం.

ప్రతి 3 వేల మైళ్లకూ ఆయిల్ మార్చి, వాల్వ్‌లు సర్దాలి. పట్టేది రెండున్నర లీటర్లే కాబట్టి ఆయిల్ విషయంలో పిసినారితనం పనికిరాదు. వాల్వ్‌ల పని రాత్రంతా చల్లారిన ఇంజన్ మీదే చేయాలి. పుల్లీ మీది గుర్తును కేసు అతుకు దగ్గరికి తెచ్చి, డిస్ట్రిబ్యూటర్ లోపలి రోటర్ ఒకటో సిలిండర్ గుర్తు వైపు చూస్తోందని నిర్ధారించుకుని, ముందు ఒకటో సిలిండర్ వాల్వ్‌లు రెండూ సర్దాలి. అక్కడి నుంచి పుల్లీని అపసవ్యంగా సగం చుట్టు తిప్పిన ప్రతిసారీ రెండు, మూడు, నాలుగు సిలిండర్లు వరసగా వస్తాయి. 13 మిల్లీమీటర్ల పానాతో నట్టు వదులు చేసి, స్క్రూడ్రైవరుతో సర్ది, 0.15 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ కాస్త పట్టుగా జారేలా బిగించాలి. ప్రతిసారీ ఏ వాల్వ్ సందు ఎంత మారిందో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. ఏదైనా ఒక ఎగ్జాస్ట్ వాల్వ్ సందు ప్రతిసారీ తగ్గిపోతూ ఉంటే, దాని కాడ సాగుతోందన్నమాట. ఆ హెడ్డును వెంటనే దించాలి. వాల్వ్ తల ఊడి సిలిండర్‌లో పడ్డాక చేయగలిగింది ఏమీ ఉండదు.

నడుస్తుండగా డైనమో ఎర్ర లైటు వెలిగితే బ్యాటరీ గురించి కాదు, బెల్టు గురించి ఆలోచించాలి. డైనమోనూ ఫ్యానునూ తిప్పేది ఒకే బెల్టు. అది తెగితే చల్లదనం ఆ క్షణమే ఆగిపోతుంది. వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి, వచ్చే ఎగ్జిట్ దాకా పోదామనుకోకూడదు. అందుకే బండిలో ఒక కొత్త బెల్టు, 21 మిల్లీమీటర్ల పానా, పొడవాటి స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉండాలి. స్క్రూడ్రైవరును డైనమో పుల్లీ గాడిలో పెట్టి కదలకుండా పట్టి, నట్టు విప్పి, పుల్లీ బయటి సగం తీసి బెల్టు వేయాలి. రెండు సగాల మధ్య ఉన్న పలుచని బిళ్లలు తీసేస్తే బెల్టు బిగుస్తుంది, చేరిస్తే వదులవుతుంది. మిగిలిన బిళ్లలను పారేయకుండా నట్టు కిందే బయట పెట్టి బిగించాలి. బొటనవేలితో నొక్కితే బెల్టు సుమారు 15 మిల్లీమీటర్లు దిగితే సరిపోయినట్టు. కొత్త బెల్టు మొదట్లో సాగుతుంది కాబట్టి, ఒక వంద మైళ్లు నడిచాక ఆ బిగువును మళ్లీ చూసుకోవాలి.